ఊపిరి – ఓపిక

పెనుకొండ దుర్గమెక్కునపుడు మాకు నడిదారిలోనే ఆయాసము వచ్చును. ధర్మవరమున మగ్గపు గుంటలో దినమెల్ల కాళ్లాడించు నేతగానికిని, హిందూపురపు మండీలో బెల్లపు మూటలు మోయు కూలికిని ఈ అనుభవము క్రొత్త కాదు. ఆ ఆయాసమున కర్థమేమి?

ఊపిరితిత్తులు తమంతట కదలలేవు. ఉదరవితానము క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేవగా గాలి లోనికి వచ్చును. కోట్లకొలది వాయుకోశములలో ప్రాణవాయువు నెత్తురు చేరి, ఎఱ్ఱకణముల వెంట కండరములకు పోవును. అచట జీవకణములలో గ్లూకోజు ప్రాణవాయువుతో కలసి బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను మారును. వెలువడిన శక్తిలో కొంత ఏ.టి.పి. యను పదార్థమున నిలుచును. తక్కినది వేడిమి యగును.

కండరమున ఈ ఏ.టి.పి.ని గుర్తించినవారిలో మన తెలుగువారొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో ఫిస్కేతో కూడి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించిరి. జర్మనీలో లోమాను సయితము ఆ యేడే దానిని కనుగొనెను.

కావున మూట దించి రొప్పు కూలిని సోమరి యనరాదు. అతని కండరములు చేసిన పనికి వెల యడుగుచున్నవి. పని లేకయే రొప్పు వచ్చువారికి మాత్రము రక్తహీనతయో, గుండె జబ్బో, ఊపిరితిత్తుల జబ్బో యుండవచ్చును. అట్టివారిని ఆలసింపక వైద్యునికి చూపింతము.