ఇనుములో స్క్రూ తల దిగాలంటే ఏ బిట్టు వాడాలి?



ఏరువాక రాకముందే నాగళ్లు, గొర్రులు బాగుచేయించుకోవడం మనకు కొత్త కాదు. కాని ఆ పనిలో చాలామంది పట్టించుకోని చిన్న సంగతి ఒకటి ఉంది. అది బోల్టు తల. అది పలక మీద పైకి పొడుచుకొని ఉండాలా, పలకలోకి దిగి సమంగా ఉండాలా? దిగాలంటే దాని గుంటను ఏ బిట్టుతో తొలవాలి? ఈ పూట ఈ సంగతే చెప్పుకొందాం.

ముందు ఇనుప నాగలిని తీసుకోండి. కర్రు మీదుగా, రెక్క మీదుగా మట్టి జారిపోతూ ఉండాలి. ఆ దారిలో బోల్టు తల పైకి ఉంటే తడి రేగడిమట్టి దాన్ని పట్టుకొని ముద్దకడుతుంది. నాగలి బరువెక్కుతుంది. ఆ బరువు మోసేది ఎడ్ల మెడలే కదా! పైగా మట్టి రాపిడికి ఆ తల అరిగిపోతుంది. అరిగిన తల మీద పానా నిలవదు. తీరా పదునైన రోజున చాలు మధ్యలో కర్రు వదులైతే ఆ పూట దుక్కి ఆగిపోయినట్టే.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొక చోట ఉంది. నూర్పిడి యంత్రంలో, చొప్ప కోసే యంత్రంలో ఇరుసుకు పుల్లీని ఒక స్క్రూతో బిగిస్తారు. దాని తల పైకి ఉంటే, ఇరుసు తిరిగేటప్పుడు కంటికి కనబడదు. పంచె అంచో, చీర కొంగో, తలగుడ్డ కొసో అందిందంటే మనిషిని లోపలికి లాగుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 26వ సెక్షన్‌లో, తిరిగే ఇరుసుల మీద ఉండే స్క్రూలను, బోల్టులను లోపలికి దించాలి, లేదా కప్పి ఉంచాలి అని రాశారు. అది ఫ్యాక్టరీల కోసం రాసిన మాటే. ఐతే మన కళ్లంలో తిరిగే ఇరుసుకు మాత్రం దయ ఉంటుందా? అటువంటి చోట తల లేని స్క్రూ వేయండి. అలెన్ కీతో బిగిస్తే అది బెజ్జంలోనే ఉండిపోతుంది, గుంట తొలిచే పని కూడా లేదు. దాని మీద కాపు రేకు మాత్రం మానవద్దు.

ఇక గుంట తొలవవలసిన చోటికి వద్దాం. బిట్టు కొనేముందు స్క్రూ తలను చేతిలో పట్టుకొని చూడండి. తల బొంగరంలాగా కిందికి వాలుగా ఉంటే, దానికి వాలు గుంట కావాలి. దాన్ని తొలిచేది కౌంటర్‌సింక్ బిట్టు. తల గుండ్రని దిమ్మెలా నిలువుగా ఉండి, నడుమ ఆరు మూలల గుంట ఉంటే, అది అలెన్ బోల్టు. దానికి అడుగు చదునైన గుంట కావాలి. దాన్ని తొలిచేది కౌంటర్‌బోర్ బిట్టు. దాని ముక్కున ఉండే చిన్న కడ్డీ బెజ్జంలో దూరి బిట్టును పక్కకు పోనీయదు. 8 మిల్లీమీటర్ల అలెన్ బోల్టు తల 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. దానికి 15 మిల్లీమీటర్ల కౌంటర్‌బోర్ సరిపోతుంది.

“ఇవన్నీ ఎందుకండీ, పెద్ద డ్రిల్లు బిట్టు ఒకటి పెట్టి కాస్త తొలిస్తే చాలదా?” అని మీరడగవచ్చు. చాలదు. మామూలు డ్రిల్లు బిట్టు మొన 118 డిగ్రీల కోణంలో ఉంటుంది. మిల్లీమీటర్ల లెక్కన వచ్చే వాలుతల స్క్రూ 90 డిగ్రీలు. కోణాలు కలవవు గనుక, తల అడుగున సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది. పై అంచు చుట్టూ సందు మిగులుతుంది, ఆ సందులో మట్టి చేరుతుంది. బిగించినప్పుడు గట్టిగా ఉన్నట్టే ఉండి, నాలుగు చాళ్లు దున్నేసరికి వదులవుతుంది. అంతేకాదు, ఉన్న బెజ్జం మీద పెద్ద డ్రిల్లు పెడితే అది ఇనుమును కరచుకొని ఒక్కసారిగా లోపలికి దిగిపోతుంది.

కౌంటర్‌సింక్ బిట్టులోనూ రెండు కోణాలు అమ్ముతారు. 90 డిగ్రీలది మిల్లీమీటర్ల స్క్రూలకు, 82 డిగ్రీలది అమెరికా అంగుళాల స్క్రూలకు. బిట్టు మీద రాసి ఉన్నది చదివి కొనండి. చెక్క పనికి అమ్మే బిట్టు ఇనుముకు పనికిరాదు. హైస్పీడ్ స్టీలు బిట్టు అడగండి. చేతి మెషీనుతో పనిచేసేవారికి ఒకే కోత అంచు ఉన్నదిగాని, మొనకు ఏటవాలు రంధ్రం ఉన్నదిగాని అదరకుండా నున్నగా కోస్తుంది.

కోణం కలిసిందా లేదా అని తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. దీపం మసిలో రెండు చుక్కల నూనె కలిపి స్క్రూ తల కింద వాలుకు పలుచగా పూయండి. దాన్ని గుంటలో పెట్టి ఒకసారి తిప్పి తీయండి. గుంట చుట్టూ వాలంతా మసి అంటితే సరిగ్గా కుదిరినట్టు. అడుగున మాత్రమే అంటినా, పై అంచున మాత్రమే అంటినా కోణం తప్పినట్టు.

పని వరస ఇది. బెజ్జం పెట్టేచోట సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టాలి. 8 మిల్లీమీటర్ల స్క్రూకు 9 మిల్లీమీటర్ల బెజ్జం, 6 మిల్లీమీటర్ల స్క్రూకు 6.6 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టాలి. ఆ తరువాత కౌంటర్‌సింక్ పట్టాలి. వేగం తగ్గించండి. మెత్తని ఇనుములో 16 మిల్లీమీటర్ల గుంటకు నిమిషానికి 200 చుట్లు చాలు. చేతి డ్రిల్లింగు మెషీన్లు చాలామటుకు 2,000 చుట్లు దాటి తిరుగుతాయి. ఆ వేగంలో బిట్టు కీచుమని అరుస్తుంది, గుంట నిండా మెట్లు పడతాయి, బిట్టు మొన మాడుతుంది. కాబట్టి వేగం తగ్గించే వీలున్న మెషీనే పట్టండి. మెత్తని ఇనుముకు నూనె చుక్క వేయండి. అల్యూమినియానికి కిరసనాయిలు మేలు. పోత ఇనుముకు ఏమీ వద్దు, పొడిగానే కోయాలి. కాస్త తొలవడం, స్క్రూ పెట్టి చూడడం, మళ్లీ తొలవడం – ఇలా తల పలకకు సమంగానో, వెంట్రుకవాసి లోపలికో వచ్చేదాకా చేయండి. ఎక్కువ తొలిస్తే తిరిగి పూడ్చలేం.

మూడు చోట్ల మాత్రం బిట్టు పట్టవద్దు. ఒకటి, పలుచని రేకు. 8 మిల్లీమీటర్ల వాలుతల స్క్రూ తల ఎత్తే సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల రేకులో దాన్ని దించబోతే బెజ్జం అంచు కత్తిలా మిగిలి చిరుగుతుంది. పలక కనీసం 6 మిల్లీమీటర్లుండాలి. లేకపోతే చిన్న స్క్రూ వేయండి, లేదా రివెట్టు కొట్టించండి. రెండు, గట్టిపరచిన కర్రు. ఆకురాయితో ఒకసారి గీసి చూడండి. ఆకురాయి కరిస్తే బిట్టు కరుస్తుంది. ఆకురాయి జారిపోతే బిట్టు మాడిపోతుంది. అటువంటిదాన్ని బెజ్జాలతో తయారై వచ్చినదే కొనాలి. మూడు, చదరపు మెడ ఉన్న నాగలి బోల్టు. దాని బెజ్జం కూడా చదరంగా ఉంటుంది. దాన్ని గుండ్రంగా తొలిచారో, నట్టు బిగించేటప్పుడు బోల్టు కూడా తిరుగుతుంది.

ఇక మీ చేతుల సంగతి. పలకను చేత్తో పట్టుకొని డ్రిల్లు చేయవద్దు. బిట్టు కరచుకొంటే పలక గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. దాన్ని వైస్‌లోనో, బల్లకు బిగించే క్లాంపులోనో పట్టించండి. తిరిగే బిట్టు దగ్గర చేతి తొడుగులు వేసుకోవద్దు. కళ్లకు అద్దాలు మానవద్దు. రజనును నోటితో ఊదకుండా కుంచెతో తుడవండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక్క మాట. మంచి కౌంటర్‌సింక్ బిట్టు ఒకటి ఊరంతటికీ సరిపోతుంది. వేసవిలో ఒక రోజు వెల్డింగు షాపు దగ్గర రైతులను కూర్చోబెట్టి, పెద్ద డ్రిల్లుతో ఒక గుంట, సరైన బిట్టుతో ఒక గుంట తొలిపించి, రెండింటికీ మసి పరీక్ష చేసి చూపండి. చెవితో విన్నదానికన్నా కంటితో చూసింది నిలుస్తుంది.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దన్నారు పెద్దలు. మీ నాగలి మీదా, మీ నూర్పిడి యంత్రం మీదా పైకి పొడుచుకొచ్చిన తలలు ఎన్ని ఉన్నాయో రేపు పొద్దునే చేత్తో తడిమి చూడండి. యంత్రం ఆపి, ఇరుసు పూర్తిగా నిలిచాకనే సుమండీ!