సెలవు చెప్పు యంత్రము

నర్సీపట్నమునకు రైలు లేదు. ఆ పేరు పెట్టుకొన్న నర్సీపట్నం రోడ్డు స్టేషను సయితము ఊరికి దూరముననే ఉన్నది. అయినను మన్యమునకు వాకిలివంటి ఆ పట్టణమున, ఒక మేడగదిలో కూర్చుండి, హైదరాబాదులోనో సముద్రముల కావలనో ఉన్న కంప్యూటరును నడపవచ్చును. 2020లో కరోనా మూలమున కార్యాలయములు మూతపడినప్పుడు పెక్కుమంది యువకులు సొంత ఊళ్ళకు చేరి ఇంటినుండియే ఉద్యోగము చేసిరి. మీ ఇంటను ఒకరుండవచ్చును. అర్ధరాత్రివేళ వారు తెరవంక చూచుచు కదలక కూర్చుండుటకు గల ఒక కారణమును గూర్చి నేడు ముచ్చటించెదను.

దూరముననుండి పలువురికి పనిచేసిపెట్టు కంప్యూటరును సర్వరు అందురు. వీనిలో చాలభాగము, 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ పై నడచును. దానితో ఇంటినుండి మాటలాడుటకు ఎస్.ఎస్.హెచ్. అను మార్గమున్నది. అదియు ఫిన్లండు బిడ్డయే. 1995లో టాటు యిలోనెన్ రచించెను. మనము కొట్టిన ప్రతి అక్షరము గూఢలిపిలో సర్వరును చేరును. జవాబును అట్లే వచ్చును.

మరమ్మతుల పిదప ఒక్కొక్కసారి సర్వరును ఆపి తిరిగి లేపవలసియుండును. అందుకు ఆజ్ఞ యిచ్చినంతనే తెర బిగుసుకొనిపోవును. అక్షరము పడదు, సంబంధము ముగిసినదన్న కబురును రాదు. సర్వరు లేచుచున్నదా, పడిపోయినదా, మన ఊరి తీగయే తెగినదా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖతీరమును తాకినప్పుడు ఫోనులు మూగబోగా, ఇల్లు పోయెనో తీగ పోయెనో తెలియక దూరపు బంధువులు పడిన ఆరాటము ఇట్టిదే. ఆ తొందరలో అక్కడి కాపలావానితో కరెంటు తీయించి పెట్టించినచో, పళ్ళెముపై సగము వ్రాసిన లెక్కలు చెడిపోవచ్చును. అవి ఆసుపత్రి లెక్కలైన నష్టపడువారు రోగులు.

దీనికి కారణము మా రేడియోవారికి చక్కగా బోధపడును. రాత్రి ప్రసారము ముగియునప్పుడు అనౌన్సరు సెలవు చెప్పిన తరువాతనే ట్రాన్స్‌మిటరును ఆపుదురు. ముందే ఆపినచో ఆ సెలవుమాట స్టూడియో గోడలకే వినబడును. సర్వరులో జరుగుచున్నదదియే. సంభాషణలను ముగింపక మునుపే నెట్‌వర్కును ఆపివేయుచున్నది. వీడ్కోలు బయలుదేరుటకు దారి యుండదు.

ఇప్పటి లినక్సులలో పెక్కింటిని లేపుటయు పడుకొనబెట్టుటయు సిస్టమ్‌డి అను కార్యదర్శి పని. ప్రతి సంభాషణయు దాని పట్టికలో వేరువేరుగ నమోదైనయెడల, నెట్‌వర్కుకంటె ముందుగా వానిని ముగించును. డెబియన్, ఉబుంటు రకములలో ఈ నమోదు చేయునది లిబ్‌పామ్-సిస్టమ్‌డి అను చిన్న పొట్లము. అది లేనిచోట దానిని చేర్చి, ఎస్.ఎస్.హెచ్. అమరికలలో 'యూజ్‌పామ్' అనుదానికి 'ఎస్' అని యుండునట్లు చూచి, మరల క్రొత్తగా లోనికి ప్రవేశించిన చాలును. పాత సంభాషణకు ఈ సౌకర్యము వర్తింపదు. ఈ సంగతిని పలువురు మరతురు.

బిగిసిన తెర ముందున్నవారికి వేరొక ఉపాయము కలదు. ఎంటరు మీట నొక్కి, తరంగమువంటి టిల్డా గుర్తును, పిమ్మట చుక్కను కొట్టినచో మన వైపు సంబంధము తెగును. 'సర్వర్ అలైవ్ ఇంటర్వల్' అను అమరికలో 15 అని వ్రాసికొన్నచో, మన కంప్యూటరే పదునైదు సెకండ్లకొకసారి కుశలమడిగి, వరుసగా మూడింటికి జవాబు రాకున్న తానే విరమించుకొనును. ఏమియు చేయక చూచుచుండువారు గంటలు కూర్చుండగలరు!

నాకు మిక్కిలి నచ్చినది మాత్రము పాత మర్యాదయే. షట్‌డౌన్ అను ఆజ్ఞకు వేళ చెప్పనిచో ఒక నిమిషము గడువిచ్చును. లోపలనున్న వారందరి తెరలపై హెచ్చరిక పడును. అయిదు నిమిషములకు మించిన గడువైనచో, చివరి అయిదు నిమిషములలో సామాన్యులను క్రొత్తగా రానీయదు. ఆ వ్యవధిలో వ్రాయుచున్నది దాచుకొని, 'ఎగ్జిట్' అని కొట్టి మనమే బయటికి రావచ్చును. టీమక్స్ వంటి సాధనములు తెగిన తీగనుండి పనిని కాపాడును గాని, యంత్రమే పడుకొన్నప్పుడు కాపాడజాలవు.