నిధి కన్నా ముందు నియమం



మా తప్పుతోనే మొదలుపెడతాం. ఒకసారి పాత డోళ్లు బాగుచేయిద్దామని చందా పోగుచేశాం. చివరికి అది వేదికకు, ఫ్లెక్సీలకు అయిపోయింది. ఎవరూ తినలేదు. కానీ దేనికెంతో ముందే రాసుకోలేదు. డోళ్లు అలాగే ఉండిపోయాయి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో దీనికోసం 2000లో చట్టమే చేశారు. ఊరి ఓటర్లు ఒప్పుకుంటే ఆస్తిపన్ను మీద 3 శాతం వరకు అదనంగా వసూలు చేసి నిధి పెడతారు. 5 నుంచి 9 మంది ఉన్న కమిటీ ఏటా అందరి ముందు కూర్చుని ఊరి అవసరాలు వింటుంది. పాత కట్టడాలకు, ఖాళీ జాగాలకు, తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు ఒక్కోదానికి ఏటి రాబడిలో కనీసం 10 శాతం తీసిపెట్టాలి. మామూలు నిర్వహణ ఖర్చులకు వాడకూడదు. కమిటీ సిఫారసు చేస్తుంది, ఊరి సభ మంజూరు చేస్తుంది. సిఫారసు లేనిదే సభ కూడా ఇవ్వలేదు.

మనకూ 1996 నాటి పెసా చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభది. పథకాలను ముందుగా ఆమోదించేది, పంచాయతీ ఖర్చుకు ధ్రువపత్రం ఇచ్చేది గ్రామసభే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సభకు రండి. చదవకుండా సంతకం పెట్టకండి. ఏది ముందు, ఎంత, లెక్క ఎవరు చెబుతారు అని అడగండి. మా సంఘాన్నీ అలాగే అడగండి. ఈసారి డోళ్ల పద్దు ముందే రాసి, మీ ముందు చదువుతాం.

జోహార్!