బీరువాలో సర్టిఫికెట్లు

(ఒక మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఇక్కడ బీడీలు చుట్టే స్త్రీల గురించి, ఇళ్లలో పనిచేసే స్త్రీల గురించి విన్నాం. వాళ్ల తర్వాత లేచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి మాట్లాడాలంటే నాకు బిడియంగానే ఉంది. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు కష్టాలేమిటని మీలో కొందరికైనా అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించి చాలాకాలం నోరు మూసుకున్నాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నాన్నకు రెండెకరాల బత్తాయి తోట. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండబట్టి బి.టెక్ చదివాను. 2011లో చదువు అయిపోయాక ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని, బాకీ కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీవాళ్లు అన్నారు. అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి విడిపించుకున్నాం. కాలేజీలు అట్లా ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని యు.జి.సి. 2018లో కూడా ఆదేశం ఇచ్చింది. అప్పటికి మా గొలుసు వేలానికి కూడా పోయింది.

తర్వాత అమీర్‌పేట. మైత్రీవనం దగ్గర జావా కోర్సు, ఎస్.ఆర్. నగర్‌లో గదికి నలుగురం ఉండే హాస్టలు. 2012లో మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. పేరు చెప్పను, అదిప్పుడు లేదు కూడా. నెలకు పదివేలు, మొదటి మూడు నెలలు ట్రైనింగ్ అని అందులో సగం. చేరిన రోజే స్టాంపు కాగితం మీద రెండేళ్ల బాండు రాయించుకున్నారు. మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలి. నాన్న చేత జామీను సంతకం పెట్టించారు. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టారు. రసీదు ఇవ్వలేదు. అడగాలని మాకూ తోచలేదు. కొలువొచ్చిందన్న సంతోషంలో అమ్మ ఊరంతా చెప్పుకుంది: "మా బిడ్డ పట్నంల కొలువు జేస్తున్నది, ఇంక పెండ్లి ముచ్చట ఎవలూ తియ్యొద్దు."

చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ కొద్ది నెలల్లో తెలిసింది. కాలేజీలో ప్రోగ్రాములు బట్టీపట్టి పరీక్షలో రాశాం. ఇక్కడ ఎవరో రాసి వెళ్లిపోయిన వేల లైన్ల కోడు ముందు పెట్టి, తప్పు ఎక్కడుందో వెతకమన్నారు. అది ఏ పుస్తకంలోనూ దొరకదు, పక్కవాళ్లను అడిగి నేర్చుకోవాల్సిందే. నాతో చేరిన మగపిల్లలు ఎక్కడ నేర్చుకున్నారో తెలుసా? టీ బండి దగ్గర. సాయంత్రం సీనియర్లతో సిగరెట్ తాగడానికి కిందికి దిగేవాళ్లు, పావుగంటలో పని మర్మం తెలుసుకుని పైకి వచ్చేవాళ్లు. రాత్రి పది దాకా వాళ్లతో తిరిగేవాళ్లు. మా హాస్టలు గేటు తొమ్మిదిన్నరకు మూసేస్తారు. మీటింగులో ఇంగ్లీషులో నోరు తెరవాలంటే భయం. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్లు 'చురుకైనవాళ్లు', మేం 'నెమ్మదైన అమ్మాయిలం' అయ్యాం. తెలివితేటల తేడా అనుకుని నేను రాత్రిళ్లు ఏడ్చేదాన్ని.

ఇక నాకు పని నేర్పేందుకు మిగిలింది టీమ్ లీడ్ ఒక్కడే. మొదట్లో ఓపిగ్గా చెప్పాడు. తర్వాత అందరూ వెళ్లాక ఉండమనడం, కుర్చీ దగ్గరికి జరపడం, అర్ధరాత్రి మెసేజీలు. "నీ కన్ఫర్మేషన్ నా చేతిలో ఉంది" అని నవ్వుతూ అనేవాడు. అయిదు నెలలు భరించాను. అతనంటే భయపడి కాదు, బీరువా గుర్తొచ్చి. పేచీ పెట్టుకుంటే సర్టిఫికెట్లు పోతాయి, అవి లేకపోతే ఇంకో ఉద్యోగం లేదు. నోటీసు వస్తే నాన్న తోట అమ్మాలి. అన్నీ పోతే మిగిలేది పెళ్లే.

చివరికి పక్క టీములో పనిచేసే ఒక అక్క నా ముఖం చూసి అడిగింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న "ఏమైంది" అని కాదు, "నీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి?" అని. ఆమె చెప్పినట్టే నలుగురు అమ్మాయిలం కలిసి ఒక కాగితం రాశాం. ఫిర్యాదేమీ లేదు అందులో. మా ఒరిజినల్స్ మీ దగ్గర ఉన్నట్టు, ఎందుకు ఉంచుకున్నారో తెలుపుతూ రసీదు ఇవ్వండి, అంతే. రాతపూర్వకంగా ఇవ్వడానికి వాళ్లకు ధైర్యం లేకపోయింది. వారంలో సర్టిఫికెట్లు ఇచ్చేశారు. 2013 జూన్‌లో మానేశాను. రెండు లక్షలకు నోటీసు వచ్చింది, నాన్న రెండు రోజులు అన్నం తినలేదు. నల్గొండలో ఒక మహిళా అడ్వకేటు ఒక పేజీ జవాబు రాశారు. మళ్లీ ఉత్తరం రాలేదు.

అందరికీ ఇట్లాగే తీరుతుందని చెప్పను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు. బాండులో ఎంత రాసుకున్నా, సమంజసమైన పరిహారమే ఇప్పించాలని 74వ సెక్షన్ అంటుంది. అయితే 2025 మేలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో మూడేళ్ల బాండు, రెండు లక్షలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బాండు చిత్తుకాగితం అని ఏ అమ్మాయికీ ధైర్యం చెప్పకండి. బాకీ ఉందనుకునేవాళ్లు కోర్టుకు వెళ్లాలి గాని, చదువును తాకట్టు పెట్టుకోవడమేమిటన్నదే నా ప్రశ్న.

ఆ టీమ్ లీడ్ మీద మాత్రం నేను ఫిర్యాదు చేయలేదు. ఇది చెప్పుకోవడం కష్టంగానే ఉంది. నా తర్వాత అతని కింద ఇంకొకమ్మాయి చేరింది. అప్పటికి విశాఖ మార్గదర్శకాలు వచ్చి పదహారేళ్లు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయి 1992లో అత్యాచారానికి గురైన భన్వారీదేవి పోరాటం నుంచి వచ్చినవి అవి. ఒక పల్లె కార్యకర్త తెచ్చిపెట్టిన హక్కు గురించి అద్దాల మేడలో కూర్చున్న నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ తెలుసుకోలేదు. చట్టం 2013 డిసెంబరు 9న అమల్లోకి వచ్చింది. ట్రైనీలు, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు కూడా అందులో ఉద్యోగుల కిందికే వస్తారు. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, కారణం చూపితే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు.

ఆ కమిటీలో ఒకరు బయటి నుంచి ఉండాలి, మనలాంటి సంస్థల వాళ్లు ఉండొచ్చు. ఈ హాలులోనే అట్లాంటి సభ్యులు కొందరున్నారని నాకు తెలుసు. ఏడాదికోసారి పిలిచి, శాలువా కప్పి, ఫిర్యాదులేవీ రాలేదని రిపోర్టు మీద మీ సంతకం తీసుకుంటారు. ఈసారి వెళ్లినప్పుడు సంతకం పెట్టే ముందు కొత్తగా చేరిన అమ్మాయిలతో విడిగా కూర్చుంటామని అడగండి. వేధింపుల గురించి వెంటనే అడిగితే వాళ్లు ఏమీ చెప్పరు. సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో, బాండు ఎన్నేళ్లో, జామీను ఎవరి సంతకమో అడగండి. మిగతావి వాళ్లే చెప్తారు.

మా పాత హాస్టలు నుంచి ఇద్దరమ్మాయిలు ఈరోజు నాతో వచ్చారు, వెనక వరుసలో కూర్చున్నారు. వాళ్ల బాండు నకళ్లు తెచ్చుకున్నారు. భోజనాల వేళ మన అడ్వకేటు అక్కలు ఒకసారి చూడగలరా?