వంటవాడి ఊరు, వంటకం ఊరు

బ్రిటిష్ పార్లమెంటు 1976లో జాతి సంబంధాల చట్టాన్ని ఆమోదించింది. ఉద్యోగమిచ్చే యజమాని మనిషి వర్ణాన్ని, జాతిని, జన్మదేశాన్ని చూడరాదన్నది ఆ చట్టం ఆశయం. అయితే శాసనకర్తలు తాము కట్టిన గోడలో నాలుగు చిన్న కిటికీలు విడిచిపెట్టారు. నాటకంలో పాత్ర ధరించడం, చిత్రకారునికో ఛాయాగ్రాహకునికో నమూనాగా నిలవడం, ఒక జాతివారికి సంక్షేమ సేవలందించడం మూడు కిటికీలు కాగా, నాలుగవది భోజనశాల. ప్రత్యేకమైన వాతావరణం కల్పించి ఆహారపానీయాలు అందించే చోట, అచ్చమైనతనం కోసం ఫలానా జాతి మనిషే కావాలని యజమాని కోరితే అది తప్పు కాదని ఆ నిబంధన తాత్పర్యం. 2010లో వచ్చిన సమానత్వ చట్టం ఈ ప్రత్యేక ప్రస్తావనను తొలగించింది. అటువంటి కోరిక నిజంగా అవసరమైనదనీ, సబబైన మేరకు మించలేదనీ యజమానే రుజువు చేసుకోవాలని అది నిర్దేశించింది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం మతం, లింగం, జన్మదేశం విషయాలలో వృత్తి అవసరాన్ని బట్టి కొంత మినహాయింపు ఇచ్చింది కాని, జాతి, వర్ణం విషయాలలో మాత్రం ఏ మినహాయింపూ ఇవ్వలేదు.

భోజనశాల నాటకశాల పక్కన చేరడం విచిత్రంగానే కనబడుతుంది. ఆ పోలికలో ఒక నిజం దాగి ఉంది. భోజనానికి వచ్చినవాడు వంటవాణ్ణి చూడడు. అతని కంటికి కనబడేది తలుపు తీసేవాడు, విస్తరి వేసేవాడు, వడ్డించేవాడు. కనుక అచ్చమైనతనం పేరిట అడుగుతున్నది నాలుకకు సంబంధించిన హామీ కాదు, కంటికి సంబంధించిన అలంకారం. ఈ తేడాను మరచిపోతే ఒక దేశపు లేదా ఒక ప్రాంతపు వంటను అందించే హోటలులో ఆ ప్రాంతంవారే పనిచేయాలా అన్న ప్రశ్న ఎప్పటికీ చిక్కుముడిగానే ఉండిపోతుంది.

మంచి వంటను తెలుగువారు నలభీమపాకం అంటారు. ఆ ఇద్దరూ పరాయి కొలువుల్లోనే ఆ విద్యను చూపారన్నది అంతగా ఎవరూ తలచుకోని సంగతి. నిషధ రాజు నలుడు బాహుకుడై అయోధ్యలో ఋతుపర్ణుని కొలువులో ఉన్నాడు. హస్తినాపుర రాజకుమారుడు భీముడు వలలుడనే పేరుతో మత్స్యదేశంలో విరటుని వంటశాలలో పొయ్యి రాజేశాడు. వారిని పనిలో చేర్చుకున్న రాజులు పాటవాన్ని చూశారే గాని పుట్టిన గడ్డను గురించి పట్టుబట్టలేదు. బాహుకుడు వండిన వంటకాన్ని రుచి చూసి దమయంతి అతడు నలుడని పోల్చుకుంది. హస్తవాసి మనిషిని పట్టి ఇచ్చింది, రూపం ఇవ్వలేదు.

అయితే పురాణం ఒకటి, లోకాచారం మరొకటి. వండినవారెవరు అన్న ప్రశ్న మన దేశంలో చాలా పాతది. ఓరుగల్లు పూటకూటి ఇంటిని, అక్కడ ఒక రూకకు దొరికే భోజనాన్ని ‘క్రీడాభిరామం’ వర్ణించింది. ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ సుపరిచిత పాత్ర. బాటసారి పూటకూళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు రుచికి ముందు ఆమె కులాన్ని విచారించేవాడు. పట్టణాలు పెరిగి కాఫీ హోటళ్లు వచ్చినప్పుడు ఆ విచారణ బోర్డుల మీదికి ఎక్కింది. ఇప్పుడు ఎం.టి.ఆర్. పేరుతో లోకానికంతా తెలిసిన బెంగుళూరు సంస్థ 1924లో బ్రాహ్మణ కాఫీ క్లబ్ అన్న పేరుతోనే ఆరంభమైంది. మద్రాసు తిరువళ్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీది బ్రాహ్మణ పదాన్ని తొలగించాలని 1957లో పెరియార్ అనుచరులు ఆందోళన సాగించారు. రాజ్యాంగం పదిహేనవ అధికరణం రెండవ ఖండం దుకాణాలలో, భోజనశాలలలో, హోటళ్లలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అడ్డు కారాదని 1950లోనే శాసించింది. తినేవాడికి వీధి తలుపు తెరుచుకుంది. వంటగది వైపు ఉన్న పెరటి తలుపును గురించి ఆ అధికరణం మాట్లాడలేదు. ప్రైవేటు నియామకాలలో జాతి, ప్రాంత వివక్షలను సమగ్రంగా నిషేధించే చట్టం ఈనాటికీ మన దేశంలో లేదు.

ఇప్పుడు వినబడుతున్న అచ్చమైనతనం ఆ పాత శుచి వాదమేనని అనడం అన్యాయం. రెండింటి ఉద్దేశాలు వేరు. కాని రెండూ వంటకాన్ని వదిలి వంటవాడి పుట్టుకను పరీక్షించడంలో మాత్రం ఒకే దారి పట్టాయి. ఆ పరీక్ష ఎంతవరకు నిలుస్తుందో చూడవలసి ఉంది.

కాశ్మీరీ భోజనశాలకు కాశ్మీరీ వంటవాడు కావాలని యజమాని అన్నాడనుకుందాం. ఏ కాశ్మీరీ? రోగన్ జోష్ అన్న ఒకే పేరుతో పండితుల ఇంట ఇంగువ వేసి, ఉల్లి వెల్లుల్లి లేకుండా వండుతారు. ముస్లిముల వంటలో ఇంగువకు ఆ స్థానం లేదు, వెల్లుల్లికి ఉంది. ఇద్దరూ ఒకే లోయ బిడ్డలు. ఆంధ్ర భోజనం అన్న బోర్డు చూసి ఢిల్లీలోనో బెంగుళూరులోనో లోపలికి వెళ్లినవాడికి పప్పు, గోంగూర, ఆవకాయ కనబడతాయి. జొన్నరొట్టె, సర్వపిండి కావాలన్నవాడికి అక్కడ నిరాశే మిగలవచ్చు. తెలుగువాడైనంత మాత్రాన శ్రీకాకుళం మనిషికి సర్వపిండి తట్టడం పుట్టుకతో రాదు. పార్సీల సంగతి మరీ స్పష్టం. 2011 జనగణన ప్రకారం దేశంలో వారి సంఖ్య 57,264. ధన్‌శాక్‌ను పార్సీలే వండాలని నియమం పెడితే ఆ వంటకం కొద్ది ఇళ్లకే పరిమితమై, కాలక్రమాన పుస్తకాలలో మాత్రమే మిగులుతుంది.

నిజానికి హోటలు వంట అనేది ప్రయాణాలవల్లనే బతికింది. దేశ విభజన తరువాత పెషావరు నుండి వచ్చిన కొందరు 1947లో ఢిల్లీ దర్యాగంజ్‌లో మోతీ మహల్ నెలకొల్పారు. వారితో వచ్చిన తందూరు కొలిమి కొద్ది దశాబ్దాలలో దేశమంతా పాకింది. బటర్ చికెన్‌ను మొదట కనిపెట్టిన ఘనత ఎవరిదన్న వివాదం 2024లో ఢిల్లీ హైకోర్టుదాకా వెళ్లింది. ఇదే తందూరీ సంప్రదాయం లండను చేరింది. అక్కడ 1810లోనే పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి, రెండేళ్లలో దివాలా తీశాడు. ఇరవయ్యవ శతాబ్దంలో బ్రిటన్‌లోని ఇండియన్ భోజనశాలలను నిలబెట్టినవారిలో అత్యధికులు సిల్హెటు ప్రాంతీయులు. ఓడలలో లస్కర్లుగా వెళ్లి, రేవుల్లో దిగి, కాఫీ దుకాణాలతో మొదలుపెట్టి స్థిరపడినవారు. సిల్హెటు నేడు బంగ్లాదేశంలో ఉంది. అక్కడి ఇళ్లలో వండేది చేపల పులుసు, ఎండుచేప, సాత్‌కోరా అనే నిమ్మజాతి కాయ వేసిన కూర. వారు లండనులో వండింది పెషావరు నుండి ఢిల్లీ మీదుగా వచ్చిన కొలిమి వంట. వడ్డించేవాడి పుట్టుకే కొలమానమైతే ఈ పరిశ్రమ పుట్టి ఉండేదే కాదు. ఆంగ్లేయుడైన భోక్త ఆ తేడాను ఏనాడూ గమనించలేదన్నది వేరే సంగతి.

మన ఊళ్లలోని ఉడిపి హోటలు దీనికి దగ్గరి ఉదాహరణ. తుళునాటి నుండి బయలుదేరిన కుర్రవాళ్లు పరాయి ఊళ్లలో పాత్రలు తోమడంతో ప్రారంభించి, సప్లయరై, దోసె మాస్టరై, చివరకు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. వారి వద్ద పనికి కుదిరిన తెలుగు, ఒరియా, బీహారీ కుర్రవాళ్లు అదే మెట్లు ఎక్కుతున్నారు. పెనం మీద పిండి వేసి గరిటె తిప్పే వేగం మణికట్టుకు తెలియవలసిందే గాని మాతృభాషకు తెలిసేది కాదు. 1954లో బొంబాయిలో ప్రారంభమైన కేటరింగ్ కళాశాల మొదలుకొని దేశంలోని హోటలు విద్యాసంస్థలన్నీ అన్ని ప్రాంతాల వంటలనూ అన్ని ప్రాంతాల విద్యార్థులకూ నేర్పుతున్నాయి. 2020లో లాక్‌డౌన్ వేళ వలస కార్మికులు స్వస్థలాలకు వెళ్లిపోయినప్పుడు, నగరాల హోటళ్ల వంటగదులు ఎవరి చేతుల మీద నడుస్తున్నాయో యజమానులకూ, తినేవారికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది.

ఇంతవరకు ప్రశ్న రుచికి సంబంధించినది. దీనికి మరొక ముఖం ఉన్నది. నిజమైన గాయం తగులుతున్నది అక్కడే.

కలకత్తాలో తరతరాలుగా స్థిరపడిన హక్కా చైనీయులు టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ నడిపారు. 1962 యుద్ధ సమయంలో చైనా సంతతివారిని సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. విడుదలైన తరువాత ఎందరో విదేశాలకు తరలిపోయారు. మిగిలినవారిలో పలువురు భోజనశాలల మీద ఆధారపడ్డారు. కలకత్తాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో చికెన్ మంచూరియన్ సృష్టికర్తగా పేరు పొందారు. చైనాలో ఎవరూ ఎరుగని ఆ వంటకం ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణలలో సందు చివరి తోపుడు బండి మీద గోబీ మంచూరియా అయి కూర్చున్నది. దాన్ని వండే కుర్రవాడిని చైనా సంస్కృతిని గురించి ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్నించవలసిన పనీ లేదు.

కాని పెద్ద నగరాలలోని ఖరీదైన చైనీస్ భోజనశాలల తలుపు దగ్గర మాత్రం సంస్కృతి పేరిట మరొక కొలత పెడతారు. అక్కడ అతిథులను ఆహ్వానించి వడ్డించే యువతీయువకులలో చాలామంది మిజోరాం, మణిపురం, నాగాలాండ్, డార్జిలింగ్ ప్రాంతాలవారు. వారి శ్రమ, మర్యాద, ఆంగ్ల భాషా పరిచయం అందుకు కారణాలు కావచ్చు. ముఖ కవళికలు కూడా ఒక కారణమన్నది బహిరంగ రహస్యం. ఐజ్వాల్ నుండి వచ్చిన యువతి తన ఇంట తినేది ఆకుకూరలతో వండిన బాయి, పొగబెట్టిన మాంసం. ఆమెకు చైనా ఎంత పరాయిదో ఏలూరు పిల్లకూ అంతే పరాయిది. ఆమెకు డ్రాగన్ బొమ్మల పట్టు దుస్తులు తొడిగి నిలబెట్టినప్పుడు ఆమె సంస్కృతికి లభించింది గౌరవం కాదు. ఆమె ముఖాన్ని మరొక దేశపు ముఖంగా అద్దెకు తీసుకున్నారు. పని ముగించుకుని బస్సు ఎక్కితే అదే ముఖాన్ని చూసి ఏ దేశం మీది అని అడుగుతారు.

ఇందులోని వ్యంగ్యం ఇంతటితో ఆగదు. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల కోసం ఒక చిన్న పుస్తకం వెలువరించారు. వెదురు మొలకలు, అఖునీ వంటి ఘాటైన వాసన గల వంటలను ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకోవలసిందని అందులో హితవు చెప్పారు. అఖునీ అంటే నాగాలు సోయా గింజలను పులియబెట్టి చేసే పదార్థం. ఇంగువ పోపు, ఎండుచేప, ముక్కిన ఆవకాయ వాసనలు పీల్చి పెరిగిన దేశంలో ఈ ఒక్క వాసన మాత్రమే హితవుకు నోచుకుంది! తమ వంటను తలుపులు మూసుకుని వండుకోవలసిందని విన్నవారే పరాయి దేశపు వంటకు స్వంతదారులుగా కనిపించవలసి వచ్చింది. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థి ఢిల్లీలో దాడికి గురై మరణించిన అనంతరం, ఈశాన్యవాసుల సమస్యల పరిశీలనకు కేంద్ర ప్రభుత్వం ఎం.పి. బెజ్‌బరువా అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. ఆ ఏడాదే సంఘం నివేదిక సమర్పించింది. అచ్చమైనతనం కోసం మనిషిని ఎంచుకునే ఆచారం, ముఖం చూసి దేశాన్ని నిర్ణయించే దురలవాటుకు ఎంత దగ్గరి చుట్టమో ఈ అనుభవాలు చెబుతున్నాయి.

ఎదుటి పక్షం వాదంలోనూ బలం లేకపోలేదు. తిరుమల పోటులో లడ్డూ తయారీ, పూరీ జగన్నాథుని వంటశాలలో సువారుల సేవ ఆరాధనలో భాగాలు. వాటిని హోటలు వ్యాపారంతో కలిపి చర్చించడం సరికాదు. శ్రీనగరు వాజాలు తండ్రి నుండి కొడుకు నేర్చుకున్న విద్యతో వాజ్వాన్ విందు సిద్ధం చేస్తారు. నలుగురు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినే ఆ విందులో ఏ వంటకం తరువాత ఏది రావాలో తెలిసిన చేతులు అవి. ఒక సముదాయం కష్టపడి కాపాడుకున్న విద్యను మరొకరు నాలుగు రోజుల్లో అనుకరించి లాభం గడించి, అసలువారిని తమ వంటగదిలో గిన్నెలు కడగడానికి పెట్టుకుంటే బాధ కలగడం సహజం. ఆ బాధకు మందు వంటవాడి జన్మపత్రిక చూడడం కాదు. ఎవరి విద్యో వారి పేరు చెప్పడం, తెలిసినవారికి పెద్ద జీతమిచ్చి మాస్టరు స్థానంలో నిలపడం, వీలైతే భాగస్వామిని చేయడం.

ఈ విషయంలో భౌగోళిక సూచికల చట్టం ఒక మంచి దారి చూపింది. 1999లో ఆమోదం పొంది 2003లో అమలులోకి వచ్చిన ఆ చట్టం కింద 2010లో హైదరాబాదు హలీముకు గుర్తింపు లభించింది. అరబ్బుల ద్వారా నిజాముల సీమకు వచ్చి, ఇక్కడి మసాలాలతో కొత్త రూపు దాల్చిన వంటకం అది. మాంసం, గోధుమ, నెయ్యి పాళ్లు, మట్టి ఇటుకల భట్టీ మీద గంటల తరబడి ఉడికించి కర్రలతో మెదిపే తీరు ఆ గుర్తింపుకు ఆధారాలు. కర్ర పట్టినవాడి తాత ఎవరన్నది అందులో లేదు.

కనుక హోటలు యజమాని తన పనివారిని అడగవలసింది వేరే ఉన్నది. తెలుగు భోజనం వడ్డించేవాడు ఒరియావాడైనా కావచ్చు, నేపాలీ అయినా కావచ్చు. వేడి అన్నంలో మొదట పొడి, నెయ్యి వేయాలని, పప్పు ముగియకముందే చారు తేరాదని, పెరుగుతో విస్తరి ముగుస్తుందని అతనికి తెలిసి ఉండాలి. గోంగూర పుల్లగా ఎందుకున్నదని ఒక పంజాబీ అతిథి అడిగితే, అది ఆకు గుణమని అతడు చెప్పగలగాలి. అతనికి ఇవన్నీ నేర్పే శ్రమ యజమాని పడాలి. చాలాచోట్ల పడడం లేదు. సాయంత్రం చేరిన కుర్రవాడికి మరునాడు ఉదయమే జరీ అంచు పంచె కట్టి, తలపాగా చుట్టి బల్లల మధ్యకు పంపుతారు. పంచె అద్దెకు తెచ్చింది. ఆ కుర్రవాడికి తాను వడ్డిస్తున్న కూర పేరు కూడా ఇంకా నోటికి రాలేదు.