డోకరా బాబా చెంత: మా బస్తర్ యాత్ర
(బుద్ధ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ధమ్మాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు కోరారు. సిద్ధాంతాన్ని విప్పి చెప్పగల పెద్దలు ఈ వేదికపైననే ఉన్నారు. మేము మాత్రం గడచిన దసరా సెలవులలో కొన్ని కుటుంబాలవారం కలిసి చేసిన ఒక విహారయాత్రను గురించీ, ఆ యాత్రలో మాకు కలిగిన సిగ్గును గురించీ మనవి చేయదలచాము.

మా ప్రయాణం భద్రాచలం నుండి చింతూరు, కోంటా, సుక్మాల మీదుగా జగదల్‌పూర్‌కు సాగింది. రాష్ట్రం మారినా బస్తర్ మనకు పరదేశం కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించినాడని బస్తర్ రాజవంశపు సంప్రదాయం. రాజుల మాట అటుంచినా, అక్కడి గోండి పిల్లలు రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడుతుంటే మన పిల్లలు ఆశ్చర్యపోయి, తామూ రెండు, మూడు, నాలుగు అని అందుకున్నారు. భాషలకున్న ఆ చుట్టరికం ముందు రాష్ట్రాల సరిహద్దు ఎంత పలుచనిదో అప్పుడు తెలిసింది.

మొదటి రెండు రోజులూ అందరు యాత్రికుల వలెనే గడిపాము. ఇంద్రావతి నది గుర్రపునాడా ఆకారంలో సుమారు 95 అడుగుల లోతుకు దూకే చిత్రకోట్ జలపాతం, కాంగేర్ లోయలో మెట్లు మెట్లుగా జారే తీరథ్‌గఢ్ జలపాతం చూచాము. జగదల్‌పూర్‌లో దసరా ఉత్సవాలు జరుగుతున్నవి. 75 రోజులు సాగే ఆ పండుగలో రావణ దహనం లేదు. దంతేశ్వరీదేవి పేర ఆదివాసులు తామే చేసిన కొయ్యరథాన్ని తామే లాగుతారు. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష స్వీకరించిన 1956 అక్టోబరు 14 కూడ విజయదశమియే. ఒకే నాడు ఒక్కొక్క జనసమూహం ఒక్కొక్క జ్ఞాపకాన్ని నిలుపుకొంటుందన్న సత్యం ఆ రథం ముందు నిలిచినప్పుడు స్ఫురించింది కాని, అది మనసున నాటుకొనలేదు. నాటుకొన్నది మూడవనాడు, భోంగాపాల్‌లో.

కొండగావ్ జిల్లా అడవిలో ఉన్నది భోంగాపాల్. అక్కడ ఇటుకలతో కట్టిన ప్రాచీన బౌద్ధ చైత్యపు శిథిలాలున్నవి. క్రీస్తు శకం 5, 6 శతాబ్దాల నాటివని పురావస్తు పండితుల అంచనా. ఆ ఇటుకల దిబ్బపై పద్మాసనంలో కూర్చున్న బుద్ధుని శిలావిగ్రహం ఉన్నది. కాలం ఆ ముఖాన్ని అరగదీసింది కాని ఆ కూర్పులోని శాంతిని అరగదీయలేకపోయింది. చుట్టుపట్ల గ్రామాల వారు ఆ మూర్తిని డోకరా బాబా అని పిలుస్తారు. అక్కడి మాటలో డోకరా అనగా ముసలివాడు. మన మాటలో చెప్పాలంటే ముసలి తాత.

మేము వెళ్ళేసరికి విగ్రహం ముందు ఒక కొబ్బరిచిప్ప, కాలిన అగరువత్తుల బూడిద కనబడినవి. మాలో కొందరికి మనస్తాపం కలిగింది. ఇరువది రెండు ప్రతిజ్ఞలు చేసి ఇటువంటి పూజలను విడిచివచ్చిన వారము కదా! మా యువమిత్రుడొకడు ఇంటివద్దనే రాయించి తెచ్చిన పలకను బయటికి తీశాడు. ఈయన డోకరా బాబా కాడు, గౌతమ బుద్ధుడు అని దానిపై రాసి ఉన్నది. దానిని ఎక్కడ నిలుపుదుమా అని మేము తర్కించుకొంటూ ఉండగా, ప్రక్కన చెట్టుక్రింద కూర్చున్న ఒక వృద్ధుడు దగ్గరకు వచ్చి, ఆ పలక ఏమిటని మా బండి డ్రైవరును అడిగాడు. డ్రైవరు అతని మాటలను మాకూ, మా మాటలను అతనికీ చెప్పసాగాడు.

ఈయన మావాడు, మా బుద్ధుడు అని మేము సగర్వంగా చెప్పాము. ఆ వృద్ధుడు కోపగించలేదు. కాసేపు ఆలోచించి ఒక్క ప్రశ్న వేశాడు: "మీ తాతే అయితే, ఇన్నాళ్ళూ చూడటానికి ఎందుకు రాలేదు?"

బంధువులారా, మా దగ్గర జవాబు లేదు. పలక తిరిగి సంచిలోకి పోయింది.

తిరుగు ప్రయాణంలో ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు. మా మనసులు మన నేల మీదికే పోయినవి. అమరావతి మహాస్తూపాన్ని 1797లో మెకంజీ చూచేనాటికే, జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని నూతన పట్టణ నిర్మాణానికి దాని రాళ్ళూ ఇటుకలూ తరలిపోతున్నవి. మిగిలిన శిల్పాలలో అనేకం నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ మాటేమి? బుద్ధన్న కొండ అన్న పేరే అట్లా మారిందంటారు. అక్కడ కనుమ నాడు చేరిన జనం ఒక రూపాన్ని రాక్షసునిగా ఎంచి రాళ్ళు రువ్వే ఆచారం చాలకాలం సాగింది. పాలకులూ పండితులూ ఉన్న చోట స్తూపం గోడలకు రాయి అయింది. ఎవరూ బుద్ధుని పేరు చెప్పని అడవిలో ఆయన తాత అయినాడు. ఏ పేరున పిలిచినా సరే, కూల్చకుండా, అమ్మకుండా, రాళ్ళు రువ్వకుండా ఆయనను మనకు నిలిపి ఇచ్చినవారు ఆ అడవిబిడ్డలు.

మన ప్రతిజ్ఞలు మనలను కట్టివేసేవి. మనం వాటికి కట్టుబడి ఉందాము. అక్కడ కొబ్బరికాయ కొట్టనవసరం లేదు. కాని ఆ ప్రతిజ్ఞలు ఆ వృద్ధుని చేత మనం చేయించినవి కావు. మన పూర్వీకుల దేవతలను, జ్ఞాపకాలను పైనుండి వచ్చినవారు పేర్లు మార్చి లాగుకొన్నారని మనం శతాబ్దాలుగా బాధపడిన జాతి. ఆ పనినే ఆదివాసుల యెడ మనం చేయవచ్చునా?

తథాగతుడు భిక్షువులను లోకహితం కోసం సంచరించుమని పంపినాడు. దానికే చారిక అని పేరు. ఇద్దరు ఒకే దారిన పోవద్దని కూడ చెప్పినాడు. విహారయాత్రకు పోయినవాడు చూచి, ఫోటో తీసి, తన వెంట ఏదో ఒకటి తెచ్చుకొంటాడు. చారికకు పోయినవాడు ఆ ఊరివారి మాట వింటాడు. మేము పలక పట్టుకొని పోయినప్పుడు విహారయాత్రికులమే. ఆ ప్రశ్న విన్న తరువాతనే, ఆలస్యంగానైనా, మా చారిక మొదలైంది.

కనుక మీకు మా మనవి ఒకటే. వచ్చే దసరాకు తప్పక బస్తర్ వెళ్ళండి. జలపాతాలు చూడండి. కొండగావ్‌లో మైనపు అచ్చుతో కంచు బొమ్మలు పోసే కళాకారుల వద్ద బొమ్మ కొనేటప్పుడు బేరమాడకండి. భోంగాపాల్‌లో పలకలు పాతకండి. పిల్లలను ఆ మూర్తి ముందు కూర్చోబెట్టి పంచశీల చెప్పించండి. పిదప ఊరివారిని అడిగి, వారి డోకరా బాబా కథలు వినండి. మేము కూడ మళ్ళీ వెళ్ళుతాము. ఆ వృద్ధుడు కనబడితే చెప్పవలసిన జవాబు ఇప్పుడు మాకు తెలిసింది. ఆలస్యమైనది తాతా, మీరు కాపాడినందుకు వందనం అని చెప్పుతాము.

సాధు, సాధు, సాధు.