టోకెనుల కొనుగోలు పెట్టుబడి యగునా?

(విశాఖపట్టణమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు నాకు పూర్వమే ప్రసంగించియున్నారు. ధనవిషయమున గొన్ని మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ధనార్జనను గూర్చి చెప్పుటకు నాకంటె సమర్థు లీ సభలో ననేకులు గలరు. ఆర్జించిన దానిని నిలుపుకొనుటను గూర్చి మాత్రము విన్నవించెదను. అందును మన యువకులు తరచుగా నడుగుచున్న యొక ప్రశ్ననే తీసికొందును. క్రిప్టోకరెన్సీ సంస్థలు క్రొత్తగా జనులకు విక్రయించు టోకెనులను కొనుట నిజముగా పెట్టుబడి పెట్టుటయేనా?

ఈ ప్రశ్న మనకేల యని కొంద రనవచ్చును. మన విశాఖపట్టణము నెలజీతముల పట్టణము. ఓడరేవునను, ఉక్కు కర్మాగారమునను, నౌకానిర్మాణశాలయందును ముప్పది యేండ్లు పాటుపడిన మనవారికి పదవీవిరమణ దినమున నొక్కసారిగా పెద్ద మొత్తము చేతికి వచ్చును. 2025లో ఉక్కు కర్మాగారమున స్వచ్ఛంద విరమణ పొందిన కుటుంబములును గలవు. అట్టి సొమ్ము జీవితకాలములో నొక్కసారియే వచ్చును. పోయినచో మరల సంపాదించు వయస్సు మిగులదు. అట్టి యింటికే బంధువు ద్వారమునను, మిత్రుని ఫోను ద్వారమునను 'ఇప్పుడే కొనుము, ఆలసించిన ధర పెరుగును' అను సందేశములు చేరుచున్నవి. కావున నిది మనకు విద్వద్గోష్ఠి గాదు, గృహచ్ఛిద్రమునకు సంబంధించిన విషయము.

మొదట వస్తుస్వరూపమును దెలిసికొందము. ఒక బృందము కంప్యూటర్లపై నడచు నొక నూతన వ్యవస్థను నిర్మింపదలచును. దానికి ధనము కావలెను. బ్యాంకునకు బోయి ఋణమడుగదు. కంపెనీ చట్టము ననుసరించి షేర్లు విక్రయింపదు. తన యుద్దేశమును వివరించుచు 'శ్వేతపత్ర' మను నొక ప్రకటనమును వెలువరించి, ఆ వ్యవస్థయందు ముందుముందు చెల్లుబడి కాగల టోకెనులను ముందుగానే జనులకు విక్రయించును. కొనువారు సాధారణముగా బిట్‌కాయిన్ గాని ఈథర్ గాని చెల్లింతురు. దీనినే క్రౌడ్‌సేల్ అనియు, ఐ.సి.ఓ. యనియు వ్యవహరింతురు. టోకెను చేతబట్టుకొను బిళ్ల గాదు. అనేక కంప్యూటర్లయందు ఏకకాలమున వ్రాయబడి యుండు పద్దులో నొక యంకె మాత్రమే. ఆ పద్దునకే బ్లాక్‌చైన్ అని పేరు.

2013లో మాస్టర్‌కాయిన్ అను పేర నిట్టి విక్రయము మొదట జరిగినది. 2014 జూలై 22 మొదలుకొని 42 దినములు ఈథీరియమ్ వారు చేసిన విక్రయమున సుమారు 6 కోట్ల ఈథర్లు అమ్ముడుపోయి, నాటి విలువను బట్టి 1 కోటి 80 లక్షల డాలర్లు సమకూడినవి. 2017లో నిది వెల్లువయైనది. ఆ సంవత్సరము సెప్టెంబరులో చైనా ప్రభుత్వ మిట్టి విక్రయములను నిషేధించెను.

మన ప్రాంతమున కీ విద్య క్రొత్త గాదు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మన నగరమున ఫిన్‌టెక్ వ్యాలీని నెలకొల్పినది. 2017 అక్టోబరులో బ్లాక్‌చైన్ పై నొక గొప్ప సదస్సు నిచ్చటనే జరిపినది. భూమి రికార్డుల భద్రతకై ఈ విద్యను వినియోగించు ప్రయత్నములును జరిగినవి. అందు పనిచేసిన హైదరాబాదునందలి జెబి డేటా సంస్థ 2018లో తన టోకెనులను విక్రయించినది. ఆ సంస్థ గుణదోషములతో మనకిచట బనిలేదు. విద్య వేరు, టోకెను వేరు అను భేదమును మాత్రము గుర్తింపవలయును. పద్దు వ్రాయు పద్ధతి శ్రేష్ఠమైనంత మాత్రమున ఆ పద్దులో వ్రాయబడిన ప్రతి యంకెయు విలువగలది కానేరదు.

ఇక పెట్టుబడి యననేమి? అనకాపల్లి ప్రాంతమున చెరకు రైతు విత్తనపు ముక్కలకును, ఎరువునకును, నీటికిని సొమ్ము వెచ్చించును. వాన తప్పిన నష్టపడును. అయినను అది పెట్టుబడియే. ఏలయన, ఆ సొమ్ము చెరకుగాను, చెరకు బెల్లముగాను మారును. ఆ బెల్లము తినువారు గలరు. నష్టభయ ముండుటచేత పెట్టుబడి జూదము కాదు. లాభము వచ్చుటచేత జూదము పెట్టుబడియు గాదు. 1934లో అమెరికాయందు బెంజమిన్ గ్రేహామ్, డేవిడ్ డాడ్ అను నర్థశాస్త్రవేత్తలు తమ గ్రంథమున నీ భేదమునే విశదీకరించిరి. చక్కగా పరిశీలించిన మీదట అసలునకు భద్రతయు, తగిన ప్రతిఫలమును గోచరించునదియే పెట్టుబడి యనియు, తక్కినది సట్టా యనియు వారి సిద్ధాంత సారము.

దీనిని మనయింట వాడుకొనుటకు వీలుగా మూడు ప్రశ్నలుగా జేసికొందము. ఒకటి: నా సొమ్మునకు బదులుగా నాకు దేనిపై హక్కు వచ్చినది? రెండు: ఆ వస్తువు తన పనిచేత ఆదాయము నార్జించునా, లేక మరియొకడు హెచ్చు వెలకు కొన్నప్పుడే నాకు లాభమా? మూడు: లెక్క చూపవలసిన వాడెవడు? తప్పిన యెడల నే నెవని నడుగుదును?

మన వారెరిగిన యుదాహరణములకు వీనిని వర్తింపజేయుదము. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించినపుడు షేరు కొన్నవాడు బ్యాంకునందు భాగస్వామి యయ్యెను. బ్యాంకు అప్పిచ్చి వడ్డీ నార్జించును. లాభమున్న డివిడెండు పంచును. ఏటేట సభ జరిపి లెక్కలు చూపును. మన యూరనే సింధియా కంపెనీవారు నౌకానిర్మాణశాలను స్థాపించిరి. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపనము చేయగా, 1948 మార్చిలో 'జల ఉష' యను నౌకను నెహ్రూగారు జలప్రవేశము చేయించిరి. ఆ కంపెనీ షేరుదారునకు నౌకలయందు, శాలయందు, ఆస్తియందు వంతు గలదు. తరువాతి కాలమున సింధియా కంపెనీ క్షీణించినది, షేరుదారులు నష్టపడిరి. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకున విలీనమైనది. అయినను ఆ షేరుదారులు పెట్టుబడిదారులే. హక్కుండెను, ఆదాయ మార్గ ముండెను, అడుగుట కధికార ముండెను.

ఇప్పుడు టోకెనును బరీక్షింతము. 2017 జూన్ మొదలు సంవత్సరకాలము ఇ.ఓ.ఎస్. అను టోకెనుల విక్రయము జరిగి, సుమారు 400 కోట్ల డాలర్లు వసూలైనవి. ఆ టోకెనునకు ఎట్టి హక్కును, ఉపయోగమును, ప్రయోజనమును లేదని వారి క్రయపత్రమునందే వ్రాయబడియుండెను. కొన్నవారిలో నెందరు దానిని జదివిరో! జదివినవారును కొనిరన్నచో, వారు హక్కును గొనలేదు, ఆశను గొనిరి. మొదటి ప్రశ్నకు లేదనియే సమాధానము. రెండవ ప్రశ్నకు మరియొక కొనుగోలుదారుడే యాధారము. మూడవ ప్రశ్నకు శ్వేతపత్రమున నిర్మాతల చిత్రపటములు గలవు గాని, లెక్క చూపు బాధ్యత లేదు. నమోదు చేయింపక విక్రయించినందులకు 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆ కంపెనీకి 2 కోట్ల 40 లక్షల డాలర్ల జరిమానా విధించినది. వసూలైన ధనముతో బోల్చిన నది యెంత?

'లాభమున వంతు నిచ్చు టోకెనులు లేవా?' యని యడుగుదురు. ఉండెను. 2016లో 'డి.ఏ.ఓ.' అను పథకము సుమారు 15 కోట్ల డాలర్లు వసూలు చేసి, టోకెనుదారుల వోటుచేతనే ధనమును వినియోగింతుమని చెప్పెను. అధికారులు లేరు, కార్యాలయము లేదు. కంప్యూటరు లిపియే శాసనము. ఆ లిపియందలి యొక లోపమును గనిపెట్టి 2016 జూన్ 17న నొకడు 36 లక్షల ఈథర్లను మళ్లించుకొనెను. మార్పరానిదని చెప్పిన పద్దునే తిరుగవ్రాసి ఆ సొమ్మును రాబట్టవలసివచ్చినది. శాసనమే సర్వమను చోట, దానిని వ్రాసినవాని తప్పునకు బాధ్యుడెవడు?

ఇక ముఖ్యమైన యాక్షేపణము. '2014లో నీథరును ముప్పది సెంట్లకు కొన్నవాడు నేడు ధనవంతుడు గాడా?' నిజమే, ఆ కొనుగోలుదారునకు గొప్ప లాభము కలిగినది. ఆ వ్యవస్థపై కార్యక్రమములు వ్రాయదలచి, దానిని నడుపుటకు వలయు నీథరును ముందుగా గొన్న నిపుణుడు సరకునకు బజానా ఇచ్చిన వర్తకుని వంటివాడు. అతనిని నేను నిందింపను. కాని లాటరీ గెలిచినవాని టిక్కెట్టు గెలుపు తరువాత పెట్టుబడిగా మారునా? గెలిచినవాని పేరు పదిమంది చెప్పుకొందురు. ఓడినవాడు భార్యతోనైనను చెప్పుకొనడు. కావుననే మన చెవులకు లాభవార్తలే వినవచ్చును.

ఇచట చట్టమును గూర్చి యొక భ్రమను తొలగింపవలసియున్నది. 1946లో అమెరికా సుప్రీము కోర్టు హోవీ కంపెనీ కేసున నొక తీర్పు చెప్పెను. ఫ్లోరిడాయందు నారింజతోటలను ముక్కలుగా విక్రయించి, సేద్యము తామే చేసి లాభమిత్తుమని ఆ కంపెనీ చెప్పినది. పరుల కృషివలన లాభము వచ్చునను నాశతో నుమ్మడి వ్యాపారమున సొమ్ము పెట్టుట 'పెట్టుబడి ఒప్పంద'మే యగును గాన చట్టమునకు లోబడవలయునని కోర్టు నిర్ణయించెను. 2017 జూలైలో డి.ఏ.ఓ. టోకెనులకును నీ సూత్రమునే వర్తింపజేసిరి. దీనిని జూపి 'చట్టమే పెట్టుబడి యన్నది' అని విక్రేతలు చెప్పుదురు. చట్టము ఆ పేరు పెట్టినది కొనువానిని రక్షించుటకే గాని, సరకును మెచ్చుకొనుటకు గాదు.

ఫ్లోరిడా నారింజతోటల కథ మనకు మిక్కిలి దగ్గరిది. ఇండ్లస్థలములు, భూములు చూపి మన రాష్ట్రమున అగ్రిగోల్డ్ సంస్థ పలు రాష్ట్రములలోని 32 లక్షల మందివద్ద 6 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసెను. చెల్లింపులు నిలిచిపోగా 2016లో దాని యధిపతులు అరెస్టయిరి. తరువాత ప్రభుత్వము చిన్న డిపాజిటుదారులకు కొంత చెల్లించినది. పూర్తి పరిష్కారమునకై ఏండ్లు పట్టినవి. అచ్చట భూమియైనను గలదు, జప్తు చేయుటకు వీలయ్యెను. టోకెను విక్రేత సముద్రముల కావల నున్నపుడు దేనిని జప్తు చేయుదురు?

మన దేశమున 2018 ఏప్రిలులో రిజర్వు బ్యాంకు క్రిప్టో వ్యాపారమునకు బ్యాంకుల సేవలను నిలిపివేసెను. 2020 మార్చి 4న సుప్రీము కోర్టు ఆ యుత్తరువును గొట్టివేసెను. 2022 ఏప్రిలునుండి లాభముపై 30 శాతము పన్ను విధింపబడినది. ఒక టోకెనుపై వచ్చిన నష్టమును మరియొక దాని లాభమునుండి తీసివేయుటకు వీలులేదు. 'పన్ను కట్టించుకొన్నది గాన ప్రభుత్వము అంగీకరించినట్లే' యను వాదము నిలువదు. లాటరీ బహుమతిపైనను, గుర్రపుపందెముల గెలుపుపైనను విధించు పన్ను ఆ 30 శాతమే.

సోదరులారా! నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిది. ఇట్టి పథకములు పత్రికా ప్రకటనలచేత గాక 'మనవాడు' అను నొక్క మాటచేత వ్యాపించును. కులబాంధవుడు చెప్పినచో కాగితము చదువము. మేనమామ చేర్చినచో ప్రశ్నింపము. ఏ నమ్మికచేత మనవారు వసతిగృహము గట్టిరో, పేద విద్యార్థులను జదివించిరో, ఆ నమ్మికనే దళారి తన మూలధనముగా జేసికొనును. నష్టము వచ్చిన దినమున సొమ్ముతో బాటు చుట్టరికములును బోవును. సంఘమునకు సొమ్ముపోయిన మరల చందా వేసికొందుము. నమ్మిక పోయిన చందా నిచ్చువాడెవడు?

కావున నీ మహాసభ వారి యాలోచనకు నాలుగు మనవులు చేయుచున్నాను.

1. విద్యానిధి మొదలగు సంఘధనములో నొక్క రూపాయయైనను టోకెనులయందు నిలుపరాదని తీర్మానింపవలెను.

2. ఇట్టి విక్రయముల ప్రచారమునకు మన వేదికను గాని, సభ్యుల చిరునామాలను గాని, ఈ సంచికలో ప్రకటనల పుటలను గాని ఇయ్యరాదు. ప్రకటనల యాదాయముతోనే సంచిక వెలువడుచున్నదని నేనెరుగుదును. రెండు పుటలు తగ్గినను గౌరవము తగ్గదు.

3. సొమ్మడుగు పథకమేదైనను ముందుగా సెబీ నమోదును, రిజర్వు బ్యాంకువారి 'సచేత్' వెబ్‌సైటును చూచి చెప్పుటకు లెక్కలెరిగిన యువకులు నలుగురితో నొక యుపసంఘము నేర్పరుపవలెను.

4. అంతకును కుతూహలము తీరనివారు, పోయినను వంటయింటికి తెలియని సొమ్ముతో మాత్రమే కొనవలెను. అప్పు చేసి, ఆభరణములు కుదువబెట్టి, పదవీవిరమణ ధనము తీసి కొనరాదు. కొన్నవారు దానిని పెట్టుబడి యని యింట జెప్పరాదు; పందెమని చెప్పవలెను. సరియైన పేరు పెట్టిననాడు ఎంత పెట్టవలెనో గృహిణియే నిర్ణయించును.

నూతన విద్యలను మన పిల్లలు నేర్వవలదని నా యభిప్రాయము గాదు. బ్లాక్‌చైన్ నేర్చినవాడు దానితో జీతము దెచ్చుకొనుగాక, క్రొత్త సంస్థను స్థాపించుగాక. అతనికి షేరు మూలధన మిచ్చుటకు సంఘపోషకులు ముందునకు వత్తురుగాక. అది పెట్టుబడి. ఆ విద్య పేరు చెప్పి అంకెలు విక్రయించువానికి సొమ్మిచ్చుట పెట్టుబడి గాదు.